తుమ్మచెట్టు కింద కట్టుకున్న రాజ్యం

(హైదరాబాద్‌లో ఒక గ్రంథాలయంలో ఇచ్చిన ప్రసంగానికి అక్షర రూపం. మాట తీరు మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనక వరసకు వినిపిస్తోందా? సరే.

ఈరోజు మాట్లాడేది సోమాలీలాండ్ గురించి. ఆఫ్రికా తూర్పు కొసన, 1991 నుంచి సోమాలియాతో కలవకుండా విడిగా ఉంటున్న ప్రాంతం అది. ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. బయట బోర్డు మీద 'సోమాలీలాండ్‌లో కుల రాజకీయాలు' అని ఉంది. రాసినవాళ్ల తప్పు కాదు, ఫోన్లో నేనే అలా చెప్పాను. తెలుగులో ఆ మాట తప్ప ఇంకోటి ఠక్కున నోటికి రాదు. కానీ వాళ్లది కులం కాదు. అది కులం అనుకుని వింటే మిగతా గంటంతా తప్పుగానే అర్థమవుతుంది. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

టోలిచౌకి వైపు తిరిగేవాళ్లకు తెలుసు, చదువుకోడానికి వచ్చిన సోమాలీ పిల్లలు అక్కడ చాలామందే కనిపిస్తారు. కొన్నేళ్ల కిందట మా పైవాటాలో ఇద్దరు అద్దెకుండేవాళ్లు. ఒకడిది సోమాలీలాండ్ రాజధాని హర్గేసా, ఇంకొకడిది సోమాలియా రాజధాని మొగదిషు. ఒకే పళ్లెంలో తినేవాళ్లు. 'మీ దేశం ఏది బాబూ' అంటే మాత్రం ఇద్దరూ చెరో పేరు చెప్పేవాళ్లు. ఒకరోజు మెట్ల మీద కూర్చుని హర్గేసా కుర్రాణ్ణి అడిగాను, మీవాళ్లకి తాతముత్తాతల పేర్లన్నీ వస్తాయట, నిజమేనా అని. తన పేరు, నాన్న పేరు, తాత పేరు అంటూ మొదలుపెట్టి ఇరవైకి పైగా పేర్లు గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు. 'మరి మీవి?' అన్నాడు. నేను ముత్తాత దగ్గరే ఆగిపోయాను. (నవ్వులు)

ఆ పేర్ల వరసే వాళ్లకు చిరునామా. ఇద్దరు కొత్తవాళ్లు ఎదురైతే, ఇద్దరి వరసలూ ఏ తాత దగ్గర కలుస్తాయో చూసుకుంటారు. అయిదో తరంలో కలిస్తే దగ్గరవాళ్లు, పదిహేనో తరంలో అయితే దూరపువాళ్లు. 'మనవాళ్లు' అన్న మాటకు కొలత ఉండదు. బావి దగ్గర తగువు వస్తే పెదనాన్న కొడుకే పరాయివాడు. బయటివాడు మీదికొస్తే ఆ పెదనాన్న కొడుకే పక్కన నిలబడతాడు. అందరూ ఒకే భాష మాట్లాడతారు, అందరూ సున్నీ ముస్లింలే, ఎక్కువమంది ఒంటెలూ మేకలూ గొర్రెలూ కాచుకునేవాళ్లే. పెద్ద వంశాల మధ్య మీద, కింద అన్న మెట్లు లేవు. మనకు గోత్రం కొంచెం దగ్గర పోలిక. కానీ మన గోత్రం మన తరఫున జరిమానా కట్టదు కదా. వాళ్ల వంశం కడుతుంది. అసలు కథ అదే.

ఒక మనిషిని చంపితే వంద ఒంటెలు. స్త్రీ అయితే యాభై. ఈ పరిహారాన్ని 'మగ్' అంటారు. చంపినవాడు ఒక్కడే కట్టడు, కట్టలేడు కూడా. అతని మగ్ బృందంలో ఉన్న మగవాళ్లందరూ తలా కొంత వేసుకుని కడతారు. ఒక్కో బృందంలో కొన్ని వందల నుంచి కొన్ని వేలమంది దాకా ఉంటారు. పుచ్చుకునేవైపూ అలాగే పంచుకుంటారు. ఎవరెంత వేసుకోవాలి, ఏ దెబ్బకు ఎంత పరిహారం అన్న ఒప్పందాలకు 'హేర్' అని పేరు. బ్రిటిష్ వాళ్లు ఆ ఒప్పందాల్ని కాగితం మీద రాయించి జిల్లా ఆఫీసుల్లో దాచారు కూడా. ఇప్పుడు ఆలోచించండి. మీ పినతండ్రి మనవడు ఎక్కడో కత్తి తీశాడు. రేపు మీ మందలోంచి ఒంటె పోతుంది. అలాంటప్పుడు ఆ కుర్రాణ్ణి అదుపులో పెట్టే పని పోలీసులది కాదు, మీదే. పోలీసులు, కోర్టులు లేనిచోట ఇంతకంటే చవకైన ఏర్పాటు నాకు తెలిసి లేదు.

కులం అన్న మాట నిజంగా అతికేది ఇంకొకరికి. గబోయెలు అని ఉన్నారు. కమ్మరి పని చేసే తుమాల్, తోలు పని చేసే మధిబాన్, తాయెత్తులు కట్టే యిబిర్, వీళ్లందరినీ కలిపి అలా పిలుస్తారు. మిగతావాళ్లు వీళ్లకు పిల్లనివ్వరు, వీళ్ల పిల్లను చేసుకోరు. ఈ సంగతి వినగానే మనకెవరికీ వివరించి చెప్పాల్సిన పని లేదు. వీళ్ల దగ్గరికి మళ్లీ వస్తాను.

ఇక చరిత్ర. ఇది గబగబా చెప్పేస్తాను. యెమెన్‌లోని ఏడెన్ రేవుకు ఎదురుగా ఉన్న ఆ తీరాన్ని 1880లలో బ్రిటిష్ వాళ్లు తీసుకున్నారు. ఏడెన్‌లోని సైన్యానికి మాంసం కావాలి, అదీ వాళ్ల అవసరం. 1898 దాకా ఆ ప్రాంతం బ్రిటిష్ ఇండియా పాలన కిందే ఉండేది. అక్కడి రేవు పట్టణం బెర్బెరా బజారులో మన రూపాయి చెల్లేది. దక్షిణాన ఇటలీ వాళ్ల సోమాలియా. 1960 జూన్ 26న ఉత్తర భాగానికి స్వాతంత్ర్యం వచ్చింది. అయిదు రోజులు దేశంగా ఉండి జూలై 1న దక్షిణంతో కలిసిపోయింది. ఆ అయిదు రోజుల మీదే ఈరోజు సోమాలీలాండ్ తన వాదనంతా నిలబెట్టుకుంది. 'మేం విడిపోవడం లేదు, కలిసినవాళ్లం మా దారిన మేం వెనక్కి వచ్చాం' అంటారు.

కలిసిన దేశంలో 1969 మార్చిలో ఎన్నికలు జరిగాయి. 123 సీట్లకు అరవైకి పైగా పార్టీలు, వెయ్యి మందికి పైగా అభ్యర్థులు. అంటే ప్రతి శాఖా ఒక పార్టీ పెట్టేసింది. గెలిచాక దాదాపు అందరూ అధికార పార్టీలో దూకారు. అప్పటి ప్రధానమంత్రి పేరు గుర్తుపెట్టుకోండి: మహమ్మద్ హాజీ ఇబ్రహీం ఎగాల్. అక్టోబరులో అధ్యక్షుణ్ణి చంపేశారు. వారం తిరక్కుండా సియాద్ బర్రె అనే జనరల్ గద్దెనెక్కాడు.

ఆయన సోషలిజం అన్నాడు. వంశం మాట ఎత్తితే నేరం అన్నాడు. వంశాన్ని పాతిపెడుతున్నాం అని ఊళ్లలో దిష్టిబొమ్మలు చేయించి సాగనంపాడు. జనం ఏం చేశారో తెలుసా? 'నీ వంశం ఏది' అని అడగడం మానేసి, 'నీ ఎక్స్ ఏది' అని అడగడం మొదలుపెట్టారు. అంటే నీ మాజీ వంశం అన్నమాట. (నవ్వులు) అటు ఆయన ప్రభుత్వాన్నేమో జనం చాటుగా 'ఎంఓడీ' అని మూడక్షరాలతో పిలిచేవాళ్లు. తన వంశం మరెహాన్, తల్లి వంశం ఒగాదేన్, అల్లుడి వంశం ధుల్బహాంతే. ఆ మూడింటి మొదటి అక్షరాలు అవి.

ఉత్తరాన ఎక్కువమంది ఇసాక్ వంశం వాళ్లు. 1977-78లో ఇథియోపియాతో యుద్ధం ఓడిపోయాక వాళ్ల మీద ఒత్తిడి పెరిగింది. 1981లో లండన్‌లో సోమాలీ నేషనల్ మూవ్‌మెంట్ పుట్టింది. 1988 మే చివర్లో వాళ్ల గెరిల్లాలు బురావ్, హర్గేసా పట్టణాల మీదికి దిగారు. దానికి సియాద్ బర్రె ఇచ్చిన జవాబు ఊళ్లనే నేలమట్టం చేయడం. హర్గేసా విమానాశ్రయం నుంచే విమానాలు లేచి, హర్గేసా మీదే బాంబులు వేసి, మళ్లీ అక్కడే దిగేవి. చనిపోయింది యాభై వేలమందికి తక్కువ కాదని సాధారణంగా చెప్పే అంచనా. లక్షలమంది ఇథియోపియాకు నడిచిపోయారు. కూలిన ఒక మిగ్ విమానాన్ని ఇప్పుడు హర్గేసా నడిబొడ్డున స్మారకంగా నిలబెట్టారు.

1991 జనవరిలో సియాద్ బర్రె పారిపోయాడు. ఇక్కడ కాస్త నింపాదిగా వెళ్దాం.

గెలిచిన గెరిల్లాలు ఇసాక్‌లు. పడమట బోరమ చుట్టూ ఉన్న గడబూర్సీలు, తూర్పున ధుల్బహాంతేలు, వార్సంగేలీలు చాలావరకు పాత ప్రభుత్వం వైపు ఉన్నవాళ్లు. తుపాకులు అందరి దగ్గరా ఉన్నాయి, పగ తీర్చుకోడానికి కారణాలూ ఉన్నాయి. అయినా బురావ్‌లో అన్ని వంశాల పెద్దమనుషులూ కూర్చున్నారు. 1991 మే 18న విడిగా ఉంటామని ప్రకటించారు. ధుల్బహాంతేల గరాద్ కూడా అక్కడ ఉన్నాడు. గరాద్ అంటే వాళ్ల వంశ పెద్ద. ఇది మళ్లీ అవసరం పడుతుంది.

మరుసటి ఏడాదే ఇసాక్‌లు తమలో తాము కొట్టుకున్నారు. గొడవ బెర్బెరా రేవు మీద. డబ్బంతా అక్కడే ఉంది: సౌదీకి వెళ్లే గొర్రెలు, మేకలు, వచ్చే బియ్యం, సుంకాలు. కొత్త ప్రభుత్వం రేవు తనదంది. ఆ ఊళ్లో ఉన్న శాఖ మాదంది. అప్పుడు తీర్పరులుగా వచ్చింది ఎవరనుకున్నారు? నిన్నటిదాకా ఓడినవైపున్న గడబూర్సీ పెద్దలు. 1992 అక్టోబరులో షేక్ అనే కొండ ఊళ్లో కూర్చోబెట్టి, రేవు ఎవరి సొంతమూ కాదు, అందరిదీ అని ఒప్పించారు.

ఆ తరవాత 1993 జనవరి చివర్లో బోరమలో సమావేశం మొదలైంది. మే దాకా సాగింది. ఓటు హక్కున్న పెద్దలు 150 మంది. చూడ్డానికి వచ్చినవాళ్లు, సలహాలిచ్చేవాళ్లు ఇంకా ఎంతమందో. వాళ్ల 'షిర్', అంటే పెద్దలు సభ కూర్చునే పద్ధతి, అలాంటిది. మామూలుగా తుమ్మచెట్టు కింద కూర్చుంటారు. ఒకడు మాట్లాడుతుంటే ఇంకొకడు అడ్డు రాడు. మాటకు ముందు కవిత్వం ఉంటుంది, సామెత ఉంటుంది. చేతులెత్తించి లెక్కపెట్టి తేల్చేయరు. ఓడినవాడు ఇంటికెళ్లి తుపాకీ తీస్తాడని అందరికీ తెలుసు. అందుకే ఒప్పుకునేదాకా మాట్లాడతారు. విసుగొచ్చి ఒప్పుకోవడం కూడా ఒప్పుకోవడమే. (నవ్వులు) నాలుగు నెలలు అంతమందికి తిండి పెట్టింది ఎక్కువగా ఆ ఊరివాళ్లు, వ్యాపారులు, విదేశాల్లో ఉన్న బంధువులు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మొగదిషులో ఐక్యరాజ్యసమితి తన రెండో దళాన్ని దింపుతోంది. దానికి అనుమతించిన బలం 28,000 మంది. ఆ పని విఫలమైందని మీకు తెలుసు. నేను విదేశీ సాయం అంతా దండగ అనడం లేదు. డబ్బు ఇచ్చేవాడికి తొందర ఉంటుంది. బోరమలో ఎవరికీ తొందర లేదు. తేడా అక్కడుందని నా అభిప్రాయం.

బోరమ నుంచి రెండు పత్రాలు వచ్చాయి. ఒకటి శాంతి ఒప్పందం. ఎవరి ప్రాంతంలో రోడ్డు మీద దోపిడీ జరిగినా ఆ వంశమే జవాబు చెప్పాలి. మగ్ పద్ధతినే దేశమంతటికీ చాచారు, అంతే. రెండోది రాజ్యాంగం లాంటిది. రెండు సభలు, సీట్లన్నీ వంశాల మధ్య పంపకం. పై సభ పేరు గూర్తి, అంటే పెద్దమనుషుల సభ. అధ్యక్షుడిగా ఎవర్ని ఎన్నుకున్నారు? మీరు గుర్తుపెట్టుకున్న ఎగాల్‌ని.

ఎగాల్ సాధువేం కాదు. పాత రాజకీయవేత్త, గట్టి పిండం. బెర్బెరా వ్యాపారుల్లో చాలామంది ఆయన వంశం వాళ్లే. వాళ్ల దగ్గర అప్పు తీసుకుని ప్రభుత్వం నడిపాడు. 1994లో సొంత షిల్లింగు అచ్చేశాడు. హర్గేసా విమానాశ్రయాన్ని ఒక శాఖ మిలీషియా పట్టుకుని ప్రయాణికుల దగ్గర డబ్బు వసూలు చేస్తుంటే సైన్యాన్ని పంపాడు. దాంతో మొదలైన అంతర్యుద్ధం 1996 దాకా పోయింది. అంటే సోమాలీలాండ్‌లో అంతా మాటలతోనే తేలిందన్నది అందమైన అబద్ధం. మధ్యలో నెత్తురు కారింది.

1969ని కళ్లారా చూసినవాడు కాబట్టి ఎగాల్ పార్టీల విషయంలో జాగ్రత్త పడ్డాడు. 2001లో రాజ్యాంగాన్ని ప్రజల ఓటుకు పెట్టారు. అందులో దేశానికి మూడు పార్టీలే అని రాశారు. ముందు స్థానిక ఎన్నికల్లో ఎవరైనా పోటీ చేయొచ్చు. ఎక్కువ ఓట్లొచ్చిన మూడు సంఘాలే పార్టీలవుతాయి. మూడే ఉంటే ఏ శాఖా ఒంటరిగా గెలవలేదు, పొత్తు పెట్టుకోక తప్పదు. తెలివైన ఆలోచనే. కానీ వంశం పోలేదు, పార్టీ లోపలికి దూరింది.

2002 మే 3న ఎగాల్ దక్షిణాఫ్రికాలో ఆస్పత్రిలో చనిపోయాడు. ఉపాధ్యక్షుడు దాహిర్ రియాలె కాహిన్ వెంటనే ప్రమాణం చేశాడు. ఆయన గడబూర్సీ, చిన్న వంశం. పైగా సియాద్ బర్రె రహస్య పోలీసు శాఖలో అధికారిగా పనిచేసినవాడు. 2003 ఏప్రిల్ 14న అధ్యక్ష ఎన్నిక. ఎదురు నిలబడింది అహ్మద్ సిలాన్యో, గెరిల్లా ఉద్యమానికి ఏళ్ల తరబడి నాయకుడు, ఇసాక్. దాదాపు అయిదు లక్షల ఓట్లు పడ్డాయి. రియాలె 80 ఓట్లతో గెలిచాడని ప్రకటించారు.

ఎనభై. మన దగ్గర సర్పంచి ఎన్నికలో ఎనభై ఓట్ల తేడా వస్తే రాత్రికి రాత్రి ఎంత టెన్షన్ ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. అక్కడ ఇంటింటికీ తుపాకీ ఉంది. మెజారిటీ వంశం వాడు ఓడాడు, పాత శత్రువు గూఢచారి గెలిచాడు. సిలాన్యో కోర్టుకు వెళ్లాడు, కోర్టు కూడా రియాలె వైపే చెప్పింది. పెద్దమనుషులు వరసగా ఆయన ఇంటికి వెళ్లి కూర్చున్నారు. పోటీ ప్రభుత్వం పెట్టమన్నవాళ్లూ ఉన్నారు. ఆయన పెట్టలేదు. ఏడేళ్లు ఆగి, 2010లో మళ్లీ నిలబడి గెలిచాడు. రియాలె దిగిపోయాడు. ఆ దేశం గురించి నేను ఒక్క సంగతే చెప్పాలంటే ఇదే చెబుతాను.

కానీ ఏడేళ్లు ఎందుకయ్యాయి? పదవీకాలం అయిదేళ్లే కదా. ఇక్కడే గూర్తి దగ్గరికి రావాలి. భద్రత బాగాలేక ఎన్నిక జరపలేకపోతే అధ్యక్షుడి గడువు పెంచే అధికారం రాజ్యాంగం గూర్తికి ఇచ్చింది. నిప్పంటుకున్నప్పుడు వాడమని ఇచ్చిన బకెట్టు అది. దాన్ని రోజూ స్నానానికి వాడుకున్నారు. ఎగాల్ నుంచి మూసె బీహి దాకా ప్రతి అధ్యక్షుడికీ గడువు పెంచారు. 2022లో అప్పటి అధ్యక్షుడు బీహికి రెండేళ్లు, తమకు తాము అయిదేళ్లు పెంచుకున్నారు. గూర్తికి ఇప్పటిదాకా ఒక్కసారీ ఎన్నిక జరగలేదు. సభ్యుడు చనిపోతే కొడుకో బంధువో ఆ కుర్చీలో కూర్చుంటాడు. ఒకప్పుడు రెండు గుంపుల మధ్య చొక్కా చింపుకుని నిలబడిన పెద్దల కుర్చీల్లో, తగువు తీర్చిన అనుభవం ఏమీ లేని కుర్రవాళ్లు కొందరు జీతం తీసుకుంటున్నారు.

నాకు తోచింది చెబుతాను. చెట్టు కింద పెద్దమనిషికి గౌరవం దేనివల్ల వచ్చింది? అతని మాట వినకపోతే జనం లేచి వెళ్లిపోవచ్చు కాబట్టి. అతనికి జీతం లేదు, గడువు లేదు. అతన్ని తీసుకెళ్లి హర్గేసాలో ఏసీ గదిలో కూర్చోబెట్టి, నెలజీతం ఇచ్చి, ఆ జీతం అధ్యక్షుడి చేతిలో పెట్టారు. పెద్దరికం పేరు మిగిలింది, దానికి బలమిచ్చిన స్వేచ్ఛ పోయింది.

ఇక ఆడవాళ్ల సంగతి. ఇసాక్ శాఖల పేర్లు చూడండి: హబర్ అవల్, హబర్ యూనిస్, హబర్ జెఅలో. హబర్ అంటే తల్లి. తండ్రుల వరసను ఇరవై తరాలు బట్టీ పట్టే జనం, శాఖల పేర్ల ముందు మాత్రం తల్లి అన్న మాట పెట్టుకున్నారు. ఆ తల్లులకు మాత్రం సభలో చోటు లేదు. 2021 పార్లమెంటు ఎన్నికల్లో 82 సీట్లకు 246 మంది పోటీ చేస్తే వారిలో స్త్రీలు 13 మంది. ఒక్కరూ గెలవలేదు. కారణం మతం అని తేల్చేయడం తేలిక. అసలు లెక్క వేరు. ఆమె పుట్టింది ఒక వంశంలో, పెళ్లయింది ఇంకో వంశంలోకి. పుట్టింటివాళ్లు 'ఆమె గెలిస్తే లాభం మొగుడి వంశానికి' అంటారు. అత్తింటివాళ్లు 'ఆమె మన పిల్ల కాదుగా' అంటారు. అదే ఆమెకు యుద్ధంలో పనికొచ్చింది. అన్నదమ్ముల వైపుకూ, మొగుడి వైపుకూ ప్రాణభయం లేకుండా కబురు మోయగలిగింది ఆడవాళ్లే. కబురు మోయడానికి సరిపోయిన రెండు ఇళ్లే సీటు దగ్గర అడ్డం.

ఆ ఎన్నికల్లోనే ఇంకోటి జరిగింది. గబోయెల దగ్గరికి వస్తానన్నాను కదా. హర్గేసాలో గబోయె అభ్యర్థి బర్ఖద్ జామా బతూన్‌కి దేశం మొత్తంలో అందరికంటే ఎక్కువ ఓట్లు వచ్చాయి. పిల్లనివ్వని జనమే ఓటు వేశారు. దాన్ని చూసి నేను సంబరపడ్డాను, ఒప్పుకుంటాను. అయితే ఆ ఓట్లలో కుర్రకారు పెద్దల మీద చూపించిన విసుగెంత, గబోయెల మీద మారిన మనసెంత అన్నది వేరే ప్రశ్న.

చివరిగా తూర్పు. సూల్ ప్రాంతం, లాస్ అనోద్ పట్టణం. అక్కడుండేది ధుల్బహాంతేలు. 2007లో సోమాలీలాండ్ సైన్యం ఆ ఊరిని తన చేతికి తీసుకుంది. హర్గేసా లెక్కలో బ్రిటిష్ వాళ్లు గీసిన సరిహద్దు గీత దాకా తమదే. ఊళ్లోవాళ్ల లెక్కలో గీతకు రెండువైపులా తమ బంధువులే, సీట్లూ డబ్బూ మాత్రం ఇసాక్‌లవి. ఏళ్ల తరబడి అక్కడ ఎవరెవరో హత్యలు చేస్తూ వచ్చారు. ఎవరూ పట్టుబడేవాళ్లు కాదు. 2022 డిసెంబరు 26న ప్రతిపక్ష యువ నాయకుణ్ణి ఒకర్ని కాల్చి చంపారు. ఊరు రోడ్డెక్కింది, పోలీసులు కాల్చారు, సైన్యం వెనక్కి తగ్గింది, 2023 ఫిబ్రవరిలో పూర్తి యుద్ధమైంది. లక్షన్నరకు పైగా జనం ఇళ్లొదిలి పోయారు. ఒకప్పుడు హర్గేసా మీద పడిన బాంబులను గుర్తుచేసుకుని ఏటా దీపం పెట్టుకునే ప్రభుత్వం, లాస్ అనోద్ మీదికి ఫిరంగులు పేల్చింది. ఆగస్టు 25న గూజఅదె స్థావరం పోగొట్టుకుని సైన్యం తిరిగొచ్చింది. మొగదిషు ఆ ప్రాంతాన్ని వేరే పాలనగా ఒప్పుకుంది.

2024 నవంబరు 13 ఎన్నికలో బీహి ఓడిపోయాడు. ప్రతిపక్షం నుంచి అబ్దిరహ్మాన్ 'ఇర్రో' 60 శాతం పైగా ఓట్లతో గెలిచాడు. ఓడినవాడు మళ్లీ మర్యాదగా దిగాడు. ఆ అలవాటు నిలిచింది. 2025 డిసెంబరులో ఇజ్రాయెల్ సోమాలీలాండ్‌ను దేశంగా గుర్తించింది, ముప్ఫైనాలుగేళ్లలో మొదటి గుర్తింపు అది. దాని వెనకున్న ఎర్ర సముద్రం రాజకీయం ఇంకో గంట పడుతుంది, ఈరోజు వదిలేద్దాం.

(సభలోంచి ప్రశ్న: లాస్ అనోద్‌లో కూడా పెద్దలు ఉంటారు కదండీ, వాళ్లేం చేశారు?)

మంచి ప్రశ్న, అదే చెప్పబోతున్నాను. పారిపోయిన గరాద్‌లు, పెద్దలు అందరూ లాస్ అనోద్‌కు తిరిగొచ్చారు. 1991లో బురావ్‌లో కూర్చున్న గరాద్ వంశమే. షిర్ పెట్టారు. రోజుల తరబడి మాట్లాడుకున్నారు. 33 మందితో ఒక కమిటీ వేసుకున్నారు. వాళ్లందరూ ఒప్పుకున్నాక ఫిబ్రవరి 6న ఒక ప్రకటన చదివారు, మేం సోమాలీలాండ్‌లో లేం అని. బోరమలో ఏ పద్ధతిలో కూర్చున్నారో అదే పద్ధతిలో. హర్గేసా నుంచి కూడా పెద్దల్ని పంపారు, మాట్లాడదాం అని. ఈసారి ఆ పెద్దలు ప్రభుత్వ జీతం మీద ఉన్నవాళ్లు. లాస్ అనోద్‌లో వాళ్లకు ఎవరూ చాప పరవలేదు.

ఇంకో ప్రశ్న? మీరు, ఆ చివర కుర్చీలో, అడగండి.